మొదటి డిజైన్ ఏమైంది? విశాఖలోని పరిశోధన కమిటీలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని విశ్వవిద్యాలయాలు, ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల పరిశోధన సలహా కమిటీల సభ్యులకు, పీహెచ్‌డీ గైడ్లకు నమస్కారం.

నేను ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పని చేసుకుని బతికేవాణ్ని. సహకార సంఘాలకు, చిన్న వ్యాపారులకు, ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్లకు లెక్కల ప్రోగ్రాములు రాసిస్తుంటాను. మీ సంస్థల్లో నాకు ఏ పదవీ లేదు, మీ థీసిస్‌ల మీద సంతకం పెట్టే అధికారమూ లేదు. కానీ వాటిని వెతుక్కుని చదివి, పనికొచ్చేది తీసుకుని, మనుషుల చేతికి అందేలా చేయాలని చూసేవాళ్లలో నేనూ ఒకణ్ని. మీరు ఆమోదించిన పరిశోధన ఎక్కడ ఆగిపోతోందో మాలాంటివాళ్లకి బాగా కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్తాను. కంప్యూటర్ సైన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, మేనేజ్‌మెంట్ విభాగాల్లో ఏదో ఒక వ్యవస్థను తయారుచేసి, దాన్నే పరిశోధనగా సమర్పించే థీసిస్‌లు ఏటా వస్తున్నాయి. ఆసుపత్రి క్యూ కోసం ఒకటి, తుపాను హెచ్చరికల కోసం ఒకటి, రైతుకి ధరలు చెప్పడానికి ఇంకొకటి. ఆ వ్యవస్థ చివరికి ఎలా తయారైందో థీసిస్‌లో ఉంటుంది. అంతకుముందు ఎలా ఉండేదో, ఏది పనిచేయక వదిలేశారో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, ఎవరి మీద ఎప్పుడు పరీక్షించారో ఉండదు. ఇవి లేకుండా ఏ థీసిస్ కూడా మీ కమిటీ దాటి వెళ్లకూడదు. నా కోరిక ఇదొక్కటే. మిగతా ఉత్తరమంతా దీనికి కారణాలు.

హార్బర్‌లో బోటు లెక్కలు ఎలా ఉంటాయో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. వేటకి వెళ్లేటప్పుడు డీజిల్, ఐసు, బియ్యం, వల మరమ్మతు ఖర్చు. తిరిగొచ్చాక వేలంలో ఏ చేప ఎంత పలికిందన్న లెక్క. ఖర్చులు పోను మిగిలినదాంట్లో ఓనరుకి ఎంత, డ్రైవరుకి ఎంత, కలాసీలకి ఎంత వాటా. ఇదంతా ఎక్కువగా నోటుబుక్కుల్లోనే నడుస్తుంది, వాటాల దగ్గర గొడవలూ ఆ నోటుబుక్కుల మీదే వస్తాయి. కొందరు ఓనర్లు ఫోన్‌లో లెక్క కావాలని అడిగితే, పని మొదలుపెట్టే ముందు ఎవరైనా ఇలాంటిది చేశారేమోనని వెతికాను. దొరికింది. కోస్తాలోని ఒక సంస్థ నుంచి వచ్చిన పీహెచ్‌డీ థీసిస్. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే అదే తీరు నేను చాలాచోట్ల చూశాను.

థీసిస్ చక్కగా ఉంది. సమస్య వివరణ, పాత పరిశోధనల సమీక్ష, వ్యవస్థ నిర్మాణం బొమ్మలు, స్క్రీన్‌షాట్లు, చివర్లో వాడినవాళ్లకి బాగా నచ్చిందని చెప్పే పట్టిక. కోడ్ కోసం ఇచ్చిన లింకు తెరుచుకోలేదు. పరిశోధకుడికి మెయిల్ పెట్టాను. ఆయన ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నారు. ఎంతో మర్యాదగా తనే ఫోన్ చేసి మాట్లాడారు. కోడ్ పాత లాప్‌టాప్‌తో పాటే పోయిందట. అయినా ఆ ఫోన్‌లో ఆయన చెప్పిన సంగతులతో, థీసిస్ మొత్తం చదివినా తెలియనిది నాకు తెలిసింది.

ఆయన మొదట చేసిన యాప్‌లో చేప దింపుతున్నప్పుడే, జెట్టీ మీదే, కలాసీ ఫోన్‌లో ఎంట్రీ చేయాలి. తెల్లవారుజామున, తడి చేతులతో, వేలం కేకల మధ్య ఎవరూ చేయలేదు. రెండోసారి నోటితో చెప్తే రాసుకునే ఏర్పాటు పెట్టారు. ఆ గోలలో ఫోన్‌కి మాట వినపడలేదు. వినపడ్డచోట కూడా మన ఉత్తరాంధ్ర వాళ్లు చేపల్ని పిలిచే పేర్లు దానికి పట్టుబడలేదు. మూడోసారి ఎంట్రీ పని గుమస్తాకి అప్పగించారు. ఈసారి కలాసీలు ఒప్పుకోలేదు, గుమస్తా ఓనరు మనిషి కదా అన్నారు. గుమస్తా ఎంట్రీ చేసిన వెంటనే అదే లెక్క డ్రైవరు ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్లేలా చేశాక గాని పని నడవలేదు. థీసిస్‌లో ఉన్నది ఈ చివరి రూపం ఒక్కటే. అదీ పాత పరిశోధనల సమీక్ష నుంచి నేరుగా పుట్టిన డిజైన్‌లాగా ఉంది. డ్రైవరుకి మెసేజ్ ఎందుకు వెళ్తుందో ఒక్క వాక్యం కూడా లేదు. నేను ఆ థీసిస్ చూసి సొంతంగా కట్టి ఉంటే, ఖర్చు తగ్గుతుందని మొట్టమొదట తీసేసేది ఆ మెసేజ్‌నే.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. అభిప్రాయ సేకరణ మే నెలలో జరిగింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట మీద నిషేధం ఉంటుంది. అంటే బోట్లన్నీ కట్టేసి ఉన్న రోజుల్లో, తీరిగ్గా కూర్చున్న మనుషులకి యాప్ చూపించి మార్కులు వేయించారు. ఇందులో మోసమేమీ లేదు, వాళ్లు మాట్లాడటానికి దొరికేదే అప్పుడు. కానీ ఆ తేదీలు థీసిస్‌లో లేవు. ఉండి ఉంటే హార్బర్ తెలిసిన ఎవరైనా ఆ పట్టికను ఎంతవరకు నమ్మాలో ఇట్టే పోల్చుకునేవారు.

ఇవన్నీ ఎందుకు రాయలేదని అడిగాను. రాశానండీ, ఫెయిలైన వెర్షన్లు కనిపిస్తే ఎగ్జామినర్ ఒప్పుకోడని గైడ్ గారు ఆ అధ్యాయం తీసేయమన్నారు అన్నారు.

అక్కడే ఉంది అసలు కష్టం. స్కాలరు దాచలేదు. రాసినదాన్ని మన పద్ధతి తీసేయించింది. గైడ్ గారు కూడా తన విద్యార్థి గట్టెక్కాలనే అలా అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని పోగొట్టగలిగింది కమిటీల్లో కూర్చున్న మీరు మాత్రమే.

ఈ తరహా పరిశోధనకి డిజైన్ సైన్స్ అని పేరు. మీకు కొత్త కాదు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం కాస్త చెప్తాను. జనం ఒక టెక్నాలజీని ఎందుకు వాడుతున్నారో, ఎందుకు వాడటం లేదో సర్వే చేసి తేల్చేది ఒక రకం పరిశోధన. ఒక సమస్యకి పరిష్కారంగా కొత్త వ్యవస్థనో పద్ధతినో తయారుచేసి, అది పనిచేస్తుందని చూపించి, అందులోంచి ఇతరులకి పనికొచ్చే జ్ఞానాన్ని రాబట్టేది ఇంకో రకం. ఈ రెండోదానికి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రంగంలో గట్టి పునాది వేసింది అలన్ హెవ్నర్, సాల్వటోర్ మార్చ్, జిన్సూ పార్క్, సుధా రామ్ కలిసి 2004లో ఎంఐఎస్ క్వార్టర్లీ పత్రికలో రాసిన వ్యాసం. అందులో ఏడు మార్గదర్శకాలున్నాయి. రూపకల్పన అంటే ఒక వెతుకులాట అన్నది వాటిలో ఒకటి. వెతుకులాట అన్నాక తోవ తప్పడం ఉంటుంది, వెనక్కి రావడం ఉంటుంది. ఎక్కడెక్కడ వెతికారో చెప్పకుండా దొరికినదాన్ని మాత్రమే చూపిస్తే, అది ఎంత మంచిదో తూచడానికి చదివేవాడి దగ్గర ఏమీ ఉండదు.

2007లో కెన్ పెఫర్స్, మరో ముగ్గురు కలిసి ఇచ్చిన ఆరు దశల పద్ధతి మీ అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది. సమస్యను గుర్తించడం, లక్ష్యాలు పెట్టుకోవడం, రూపకల్పన చేసి నిర్మించడం, పనిచేయించి చూపడం, మూల్యాంకనం, నలుగురికీ తెలియజేయడం. ఆ దశలను చూపే బొమ్మ మన థీసిస్‌లలో పద్ధతుల అధ్యాయంలో తరచూ కనిపిస్తుంది. ఈసారి కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ బొమ్మలో ముందుకి వెళ్లే బాణాలతో పాటు వెనక్కి వచ్చే బాణాలు కూడా ఉన్నాయి. మూల్యాంకనం నుంచి మళ్లీ లక్ష్యాలకి, మళ్లీ రూపకల్పనకి. థీసిస్‌లో బొమ్మ వేస్తారు, కానీ వెనక్కి వచ్చిన బాణం గురించి ఒక్క పేజీ ఉండదు. ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా నాలుగేళ్ల పని పూర్తయిందని ఎవరైనా అంటే మీరు నమ్ముతారా? నమ్మనప్పుడు, ఆ పేజీ ఏదని అడగాలి కదా.

యూరప్‌లో జర్మన్ భాష మాట్లాడే దేశాల ప్రొఫెసర్లకి ఈ చింత చాలా ముందే వచ్చింది. డిజైన్ ప్రధానమైన ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పరిశోధనను సమర్థిస్తూ హుబెర్ట్ ఓస్టర్లే, మరో తొమ్మిదిమంది రాసిన మెమొరాండం 2010లో జర్మన్‌లో, 2011లో ఇంగ్లిష్‌లో వచ్చింది. 111 మంది ప్రొఫెసర్లు దాన్ని బలపరిచారు. పరిశోధన అనిపించుకోవాలంటే తయారుచేసిన వస్తువు ఒక్క సందర్భానికే పరిమితం కాకూడదు, కొత్తదనం ఉండాలి, ప్రయోజనం ఉండాలి అని అందులో చెప్పారు. వీటితో పాటు ఇంకో షరతు పెట్టారు: ఆ వస్తువు అలా ఎందుకుందో ఇతరులకి అర్థమయ్యేలా, సరిచూసుకోగలిగేలా సమర్థించి చెప్పాలి. మన దగ్గర మొదటి మూడూ కమిటీల్లో గట్టిగానే అడుగుతారు. నాలుగోది ఎవరూ అడగరు.

ఆ తర్వాత సైన్స్ ప్రపంచం మొత్తాన్ని కుదిపిన సంగతి మీకు తెలుసు. 2015లో సైకాలజీలో 100 పాత అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, వాటిలో 36 శాతంలోనే గణాంకపరంగా నిలిచే ఫలితం మళ్లీ వచ్చింది. మొదట ప్రచురించినప్పుడు 97 శాతంలో వచ్చింది. అప్పటి నుంచి డేటా బయటపెట్టండి, ప్రయోగం మొదలుకాకముందే ప్రణాళిక నమోదు చేయండి అన్న ఒత్తిడి అన్ని రంగాల్లోనూ పెరిగింది. 2021లో ఎంఐఎస్ క్వార్టర్లీ సంపాదకులు పరిశోధన పారదర్శకత గురించి తమ విధానం ప్రకటించారు. 2024లో హెవ్నర్ గారే మరికొందరితో కలిసి డిజైన్ సైన్స్‌లో పారదర్శకత గురించి విడిగా వ్యాసం రాశారు. సమస్యను ఎలా అర్థం చేసుకున్నారన్న దగ్గర్నుంచి ఎలా కట్టారు, ఎలా పరీక్షించారు, చివరికి దేన్ని తమ కృషిగా చెప్పుకుంటున్నారన్న దాకా ప్రతి దశా కనబడాలన్నది అందులోని మాట.

డిజైన్ పరిశోధనకి ఈ వ్యాసం విడిగా ఎందుకు కావాల్సి వచ్చిందో గమనించాలి. సైకాలజీ ప్రయోగాన్ని మరోచోట మళ్లీ చేసి చూడొచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో కట్టిన వ్యవస్థను అచ్చం అలాగే మళ్లీ కట్టి చూడటం కుదరదు. అప్పటి గుమస్తా ఉండడు, ఫోన్లు మారిపోతాయి, ఒకసారి ఆ యాప్ వాడిన కలాసీలు ముందున్న కలాసీలు కారు. అందుకని మళ్లీ చేస్తే అదే ఫలితం వస్తుందా అన్న ప్రశ్న ఇక్కడ అంతగా ఉపయోగపడదు. ఈ నిర్ణయం దేని ఆధారంగా తీసుకున్నారు, ఆ ఆధారం నాకు కనబడుతోందా అన్నదే ఇక్కడ పనికొచ్చే ప్రశ్న. కోడ్ అంతా తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో పడేస్తే పారదర్శకత అయిపోదు. వేల ఫైళ్ల మధ్య కారణం వెతుక్కోవడం ఎవరి తరం? కోడ్ కావాలి, నిజమే. అంతకంటే ముందు కారణాలు కావాలి.

మైసిన్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ తదితరులు తయారుచేసిన వ్యవస్థ అది. రక్తంలో, మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్లకి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో సలహా చెప్పేది. దాన్ని పరీక్షించిన తీరు చూడండి. పది మెనింజైటిస్ కేసులు తీసుకున్నారు. మైసిన్ రాసిన మందులు, అక్కడి నిపుణులైన డాక్టర్లు రాసినవి, జూనియర్లు రాసినవి, ఒక వైద్య విద్యార్థి రాసినవి అన్నీ కలిపేసి, బయటి సంస్థల నుంచి ఎనిమిదిమంది నిపుణులకి ఇచ్చారు. ఏది మెషిన్‌దో ఏది మనిషిదో వాళ్లకి చెప్పలేదు. మైసిన్ సలహాలకి 65 శాతం ఆమోదం వచ్చింది, మిగతా ఎవరికంటే ఎక్కువ. ఈ పరీక్ష ఫలితాలు 1979లో వచ్చాయి. అయినా మైసిన్ ఆసుపత్రుల్లో రోజువారీ వాడకంలోకి రాలేదు. ఆ లెక్కన అది ఓడిపోయిన వ్యవస్థే. మరి ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని ఎందుకు చదువుతున్నారు? నియమాలు ఎలా రాశారో, అనిశ్చితిని అంకెల్లోకి ఎలా తెచ్చారో, దాని మీద వచ్చిన విమర్శలేమిటో, ఎక్కడ ఇరుక్కున్నారో అన్నీ వాళ్లే రాసి 1984లో పెద్ద పుస్తకంగా వేశారు. వైద్యపు నియమాలన్నీ తీసేసి ఖాళీ చట్రాన్ని ఇంకో పనికి వాడుకోవచ్చని కనిపెట్టి ఎమైసిన్ చేశారు. దాంతో ఊపిరితిత్తుల పరీక్షలను చదివే పఫ్ అనే వ్యవస్థ వచ్చింది, దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆసుపత్రిలో నిజంగా వాడారు. వాడకంలోకి రాని వ్యవస్థ నుంచి వాడకంలోకి వచ్చిన వ్యవస్థ పుట్టింది, నడిచిన దారి రాసిపెట్టారు కాబట్టి.

మూల్యాంకనం విషయంలో మన థీసిస్‌లు మైసిన్‌కి ఎంత దూరంలో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తరచూ కనిపించేది ఇది. వ్యవస్థ ఎవరికోసమో తయారవుతుంది, రైతుకో నర్సుకో ఆశా కార్యకర్తకో. పరీక్ష మాత్రం అదే కాలేజీ బీటెక్ పిల్లల మీద జరుగుతుంది. సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ అనే పది ప్రశ్నల ఫారం నింపిస్తారు, వందకి ఇంత స్కోరు వచ్చిందంటారు. ఆ ఫారంలో తప్పు లేదు, జాన్ బ్రూక్ దాన్ని 1986లో తయారుచేశాక ప్రపంచమంతా వాడుతున్నారు. అది చెప్పేది వాడటం తేలికగా అనిపించిందా లేదా అన్నది మాత్రమే. సమస్య తీరిందా అన్నది అది చెప్పదు. పైగా ఫారం నింపిన విద్యార్థికి ఇంటర్నల్ మార్కులు వేసేది ఎవరో కూడా థీసిస్‌లో రాయాలి. రాస్తే చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు. రాయకపోతే ఆ స్కోరు నిజంకంటే పెద్దదిగా కనిపిస్తుంది.

విశాఖ వాళ్లకి ఇంకో ఉదాహరణ చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజున, ఆ తర్వాత కొన్ని రోజులు ఈ ఊళ్లో కరెంటు లేదు, చాలామంది ఫోన్లు పనిచేయలేదు. ఇప్పుడు ఎవరైనా తుపాను సమయంలో సాయం చేసే యాప్ తయారుచేసి, దాన్ని ఎండ కాస్తున్న రోజున క్యాంపస్ వైఫై మీద పరీక్షించి బాగుంది అంటే, ఆ పరీక్ష ఏ పరిస్థితిలో జరిగిందో మొదటి పేజీలో ఉండాలా వద్దా?

ఇది థీసిస్‌లతో పోయే విషయం కాదు. అమెరికాలో ఎపిక్ అనే కంపెనీ ఆసుపత్రులకి అమ్మిన వ్యవస్థల్లో, రోగికి సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి, రాబోతోందని ముందే హెచ్చరించే మోడల్ ఒకటి ఉంది. దాన్ని ఎలా తయారుచేశారో, ఎలా పరీక్షించారో బయటివాళ్లకి సరిగా తెలియకుండానే చాలా ఆసుపత్రుల్లో వాడకంలోకి వచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ ఆసుపత్రిలో స్వతంత్రంగా పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేకపోయింది. మన దగ్గర తయారైన ఏ వ్యవస్థైనా రేపు కేజీహెచ్‌లోనో ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో మనుషుల ప్రాణాల మధ్యకి వెళ్లొచ్చు. అప్పుడు అడిగే ప్రశ్నలు ఇప్పుడే అడగడం మేలు.

మీ కమిటీలు ఏమీ పట్టించుకోవడం లేదని నేను అనడం లేదు. ఒక విషయంలో చాలా కచ్చితంగా ఉన్నారు. యూజీసీ 2018 నిబంధనలు వచ్చాక, ఇతరుల రాతలతో పోలిక ఎంతుందో చెప్పే ప్లేజరిజం రిపోర్టు లేకుండా థీసిస్ కదలదు. ఆ పోలిక 10 శాతం దాటితే స్కాలరుకి టెన్షన్, గైడ్‌కి టెన్షన్. ఆ నిబంధన మంచిదే. కానీ ఆ శాతం చెప్పేది వాక్యాలు ఇంకొకరివి కావని మాత్రమే. వర్ణించిన వ్యవస్థ నిజంగా నడిచిందా, చెప్పినవాళ్లే వాడారా, చెప్పిన కారణంతోనే అలా కట్టారా అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. నడవని వ్యవస్థ గురించి కూడా ఎవరి వాక్యాలూ ఎత్తుకోకుండా మూడొందల పేజీలు రాయొచ్చు. పైగా 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు జర్నల్ పేపరు తప్పనిసరి అన్న షరతు తీసేశారు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం, డబ్బిస్తే వేసే పత్రికల బెడద అలాగైనా కొంత తగ్గుతుంది. అయితే దాంతో థీసిస్ నాణ్యత చూసే భారం ఇంకా ఎక్కువగా మీ మీదే పడింది.

అందుకోసం కొత్త ఆఫీసు కట్టక్కర్లేదు. ఉన్నవాటినే వాడుకోవచ్చు. విశ్వవిద్యాలయ లైబ్రరీల కోసం పనిచేసే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వాళ్లు థీసిస్‌ల కోసం శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం నడుపుతున్నట్టే, పరిశోధన మొదట్లో ఆమోదించిన సినాప్సిస్‌ల (పరిశోధన ప్రణాళికల) కోసం శోధ్‌గంగోత్రి నడుపుతున్నారు. మొదటిది, అందులో సినాప్సిస్ పెట్టించడం తప్పనిసరి చేయండి. ఆ తర్వాత థీసిస్‌లో ఒక అధ్యాయం కాకపోయినా కొన్ని పేజీలు, సినాప్సిస్‌లో చెప్పిన సమస్యకీ ఇప్పుడు తీర్చామంటున్న సమస్యకీ మధ్య ఏం మారింది, ఎందుకు మారింది అన్నది రాయించండి. మారడం తప్పు కాదు. హార్బర్‌కి వెళ్లాక సమస్య వేరేగా కనిపిస్తుంది, కనిపించాలి కూడా. చేసిన పరిష్కారానికి సరిపోయేలా సమస్యను వెనక నుంచి తిరగరాసి, మొదటి నుంచీ ఇదే అనుకున్నట్టు చెప్పడం తప్పు. వైద్య పరిశోధకులు ఈ క్రమశిక్షణకి ఎప్పుడో అలవాటు పడ్డారు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి ట్రయల్ మొదలుపెట్టే ముందే నమోదు తప్పనిసరి అయింది. ఆంధ్ర మెడికల్ కాలేజీలో ట్రయల్ చేసే డాక్టరు పాటించే నియమం లాంటిది, అదే డాక్టర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే స్కాలరు ఎందుకు పాటించకూడదు?

రెండోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, డిజైన్ నిర్ణయాల పుస్తకం. పేరు మీ ఇష్టం. తేదీ, ఏ నిర్ణయం, ఎదురుగా ఉన్న ఇతర దారులు, ఏది ఎందుకు ఎంచుకున్నారు. ఆధారం ఒక పేపరా, వాడేవాడు అన్న మాటా, గైడ్ సలహానా, బడ్జెట్ లేకపోవడమా అన్నది దాపరికం లేకుండా ఉండాలి. డబ్బుల్లేక చవక సర్వర్ తీసుకున్నామని రాయడం నామోషీ కాదు. ఆ ఒక్క వాక్యం వల్ల తర్వాత వచ్చేవాడు వేగం లేకపోవడానికి డిజైన్ కారణమనుకోకుండా ఉంటాడు. ఒక్కో నిర్ణయానికి ఐదారు వాక్యాలు చాలు. స్కాలరు ఎలాగూ ప్రతి సెమిస్టరు మీ ముందుకి వచ్చి ప్రగతి నివేదిక ఇవ్వాలని 2022 నిబంధనలే చెప్తున్నాయి. ఆ నివేదికకి ఈ పేజీలు జత చేయించండి. నాలుగేళ్ల చివర్లో కూర్చుని జ్ఞాపకం చేసుకుని రాసేవాటికీ, అప్పటికప్పుడు రాసి మీ ఫైల్లో పడ్డవాటికీ నమ్మకంలో చాలా తేడా ఉంటుంది. ఇప్పుడు కోడ్‌లో కొంతభాగం ఏఐ సాధనాలతో రాయించుకుంటున్నారు. అది తప్పని నేను అనను. ఏ భాగం, ఏ సాధనంతో, ఎవరు సరిచూశారు అన్నది ఈ పుస్తకంలోనే చేరుతుంది.

మూల్యాంకనం గురించి పైన చెప్పినదే: ఎవరు, ఎలా ఎంచారు, పరిశోధకుడికి వాళ్లతో ఏ సంబంధం, ఏ తేదీల్లో, ఏ పరిస్థితిలో, ఎవరు మధ్యలో మానేశారు. మానేసినవాళ్ల మాట చాలా విలువైనది, అదే ఎక్కడా దొరకదు.

ఇక కోడ్, ప్రశ్నపత్రాలు, పేర్లు తీసేసిన డేటా. లాప్‌టాప్ మీదో ఉచిత ఖాతా మీదో ఆధారపడకుండా, శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చే భాండాగారంలో పెట్టించాలి. యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో అనే భాండాగారం ఉచితం. విశ్వవిద్యాలయ లైబ్రరీయే ఆ బాధ్యత తీసుకుంటే ఇంకా మంచిది.

అభ్యంతరాలు వస్తాయి, వాటిలో బలమైనవీ ఉన్నాయి. కంపెనీతో కలిసి చేసిన పని అయితే అన్నీ బయటపెట్టలేరు. రోగుల వివరాలు అసలే బయటపెట్టకూడదు, 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉంది. ఒప్పుకుంటాను. ఏది చూపించలేకపోతున్నారో, ఎందుకో రాస్తే చాలు. తలుపు వేసి ఉందని చెప్పడం కూడా పారదర్శకతే. ఆలోచన ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయం ఉంటే, తేదీతో నమోదు చేసి ఏడాది రెండేళ్ల తర్వాత తెరిచే వీలు భాండాగారాల్లో ఉంది. ఆ తేదీయే స్కాలరుకి రక్షణ. పని పెరుగుతుందన్నది నిజం. అందుకే థీసిస్‌లో ఇంకెక్కడైనా తగ్గించండి. డెబ్భై పేజీల పాత పరిశోధనల సమీక్షని ముప్ఫైకి కుదించమనండి. చదివే మాలాంటివాళ్లకి ఏ నష్టమూ లేదు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఆ భయం, ఫెయిలైనది కనిపిస్తే ఎగ్జామినర్ ఒప్పుకోడన్న భయం. దాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేం. ఎగ్జామినర్లకి థీసిస్ పంపేటప్పుడు కవరింగ్ లెటర్‌లోనే రాయండి: వదిలేసిన డిజైన్ల వివరణను ఈ విశ్వవిద్యాలయం థీసిస్ బలంగా చూస్తుంది, దయచేసి మీరూ అలాగే చూడండి అని. మూల్యాంకన ఫారంలో దానికంటూ ఒక వరస పెట్టండి. ఫారంలో ఉన్నదాన్ని ఎగ్జామినర్ చూస్తాడు, ఎగ్జామినర్ చూసేదాన్ని గైడ్ రాయిస్తాడు. ఈ ఊరికి ఆ బలం ఉంది. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, గీతం ఉంది, గంభీరంలో ఐఐఎం ఉంది, మధురవాడ, రుషికొండ చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి, పరీక్షించుకోవడానికి ఓడరేవు, హార్బర్, పెద్దాసుపత్రి, కొన్ని గంటల ప్రయాణంలో ఏజెన్సీ ఉన్నాయి. ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీలో ఒక్క కమిటీ మొదలుపెడితే పక్క కమిటీ అడుగుతుంది.

వచ్చే సెమిస్టరు ప్రగతి సమీక్షలో, ఏదో ఒక వ్యవస్థను కడుతున్న స్కాలరు మీ ముందు నిలబడినప్పుడు, మొదటి డిజైన్ ఏమైందమ్మా, ఎందుకు వదిలేశావు అని అడగండి. చెప్పిన జవాబు మినిట్స్‌లో రాయించండి. నిర్ణయాల పుస్తకానికి, మూల్యాంకన వివరాలకి నమూనా ఫారాలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ తయారుచేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను, నాకు దానికి డబ్బు అక్కర్లేదు. హార్బర్‌లో పరీక్షించదలచుకున్న స్కాలర్లు ఎవరైనా ఉంటే, బోట్లు వేటకి వెళ్లే రోజుల్లోనే ఓనర్లతో, కలాసీలతో మాట్లాడించే బాధ్యత కూడా నాది.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు